మాత్రతో పాటు యోగా: దానికీ మోతాదు ఉంది

మానసిక వైద్యుడికి వాడుతున్న మాత్రలన్నీ చూపిస్తారు. పొద్దున చేసే కపాలభాతి గురించి, ఆయుర్వేద దుకాణంలో కొన్న చూర్ణం గురించి, ఉప్పు మానేసిన సంగతి గురించి మాత్రం చెప్పరు. అవేమీ మందులు కావన్న ధీమా. చాలామంది వైద్యులు కూడా అడగరు. తేడా వచ్చేది ఇక్కడే.

యోగా వల్ల మేలు లేదని కాదు. తీవ్రమైన డిప్రెషన్‌తో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో చేరిన 45 మందిపై జరిగిన అధ్యయనం 2000లో వెలువడింది. నాలుగు వారాలకు కోలుకున్నవారు కరెంటు చికిత్స (ఈసీటీ) తీసుకున్న జట్టులో 93 శాతం, ఇమిప్రమిన్ మాత్రల జట్టులో 73 శాతం, సుదర్శన క్రియ (లయబద్ధమైన శ్వాస సాధన) జట్టులో 67 శాతం. జట్టుకు 15 మందే కాబట్టి దీన్ని తుది తీర్పుగా తీసుకోలేం. యోగా ప్రచారంలో మూడో అంకె ఒక్కటే చెబితే మొదటి రెండూ మరుగున పడతాయి.

లేనివి ఉన్నట్టు వినిపించే, అనిపించే జబ్బు స్కిజోఫ్రెనియా మీద 2007లో వచ్చిన మరో నిమ్హాన్స్ అధ్యయనంలో 61 మంది ఉన్నారు. మాత్రలు వాడుతూనే నాలుగు నెలలు యోగా చేసినవారు, వ్యాయామం చేసినవారికన్నా ఎక్కువ మెరుగుపడ్డారు. అందులో ధ్యానం లేదు, కావాలనే పెట్టలేదు. లేని గొంతులు వినిపించే మనిషిని కళ్లు మూసుకుని లోపలికి చూడమంటే ఆ గొంతులే పెరగవచ్చు. రోజంతా మౌనంగా సాగే పది రోజుల ధ్యాన శిబిరాలు ఇలాంటివారికి అసలే వద్దు.

బైపోలార్ (కుంగుబాటు, అతి హుషారు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవారు భస్త్రిక, కపాలభాతి లాంటి వేగమైన శ్వాసలకు దూరంగా ఉండాలి, అవి మానియాను, అంటే ఆ అతి హుషారు దశను రెచ్చగొట్టవచ్చు. నిద్ర కరువైనా అంతే. అయ్యప్ప దీక్షలో తెల్లవారుజామున చన్నీటి స్నానం, రాత్రి పొద్దుపోయేదాకా భజన. భక్తిలో తప్పేమీ లేదు, 41 రోజులూ కోత పడేది నిద్రకు. గురుస్వామికి ముందే చెప్పి భజన మధ్యలో లేచి వచ్చినా సరే, ఏడు గంటల నిద్ర, మాత్ర వేళ తప్పకూడదు.

అన్నిటికన్నా భయపడాల్సింది బైపోలార్‌కు ఇచ్చే లిథియం మాత్ర వాడేవారు ఉప్పు లేని చప్పిడి తిండికి మారడం. ఒంట్లో సోడియం తగ్గితే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచే ప్రయత్నంలో లిథియంనూ పట్టి ఉంచుతాయి. రక్తంలో అది సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి, 1.5 దాటితే విషమే. లంఖణం పరమౌషధమనే మాట వీరికి వర్తించదు. వైశాఖపు ఎండలో చెమటలు కారే వ్యాయామం, నీళ్లు కూడా ముట్టని ఉపవాసం, విరేచనాలు, అన్నీ ఆ అంకెను పెంచేవే. చేతులు బాగా వణకడం, వాంతులు, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి మాత్ర ఆపి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి లిథియం పరీక్ష చేయించాలి.

మూలికల్లో సర్పగంధ సంగతి తెలుసుకోవాలి. కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ఉన్మాదానికీ రక్తపోటుకూ అది పనిచేస్తుందని 1931లోనే రాశారు. అందులోని రిసర్పిన్ అనే రసాయనం కొందరిలో డిప్రెషన్ తెస్తుందని తర్వాత గమనించారు. అందుకే నిద్రకోసం దాన్ని సొంతంగా వాడకూడదు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చు, అరుదుగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది, నిద్రమాత్రల మత్తునూ పెంచవచ్చు.

మరి ఎలా మొదలుపెట్టాలి? జబ్బు ఉద్ధృతి తగ్గి, నిద్ర కుదిరాక. రోజుకు 20 నిమిషాలు తేలికైన ఆసనాలు, ఐదు నిమిషాలు కళ్లు మూయకుండా నెమ్మదైన శ్వాస: నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలకు వదలాలి. వారానికి ఐదు రోజులు అరగంట నడక. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెట్టవద్దు, రెండు వారాల ఎడం ఉంటేనే ఏది పడలేదో తెలుస్తుంది. మొదలుపెట్టిన తేదీతో సహా ఓపీ చీటీ మీద రాయించాలి.

బాగుందని మాత్ర ఆపేయడం మరో పొరపాటు. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌లో కూడా కోలుకున్నాక కనీసం ఆరు నెలలు వాడాలి. ఉన్నట్టుండి మానేస్తే తల తిరుగుడు, తలలో షాక్ కొట్టినట్టు జిల్లుమనడం, నిద్రలేమి రావచ్చు.

మూడు గంటలే నిద్రపోయి హుషారుగా లేచి, మాటల వేగం పెరిగిన రోజులు వరసగా రెండు వస్తే యోగా ఫలించిందని మురిసిపోకుండా ప్రాణాయామం ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆయన దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.