బాణం గుర్తుకు అర్థం చెప్పాలి

కర్బన రసాయన శాస్త్రం పరీక్ష రాసి బయటికి వచ్చిన విద్యార్థుల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: "క్లాసులో విన్నప్పుడు అంతా అర్థమైంది, పేపరు చూడగానే ఏమీ తోచలేదు." చాలామంది అధ్యాపకులు దీన్ని సాకుగా కొట్టిపారేస్తారు. సరిగా చదవనివారు చెప్పే మాట అంటారు. మేము అలా అనుకోవడం లేదు. విశ్వవిద్యాలయాల్లో ఈ సబ్జెక్టును బోధించే తీరుకూ పరీక్షించే తీరుకూ మధ్య ఎంత దూరం పెరిగిందో ఆ విద్యార్థి ఒక్క వాక్యంలో చెప్పేశాడు.

ఒకే ప్రొఫెసర్ గురించి ఇద్దరు విద్యార్థులు పూర్తి విరుద్ధంగా మాట్లాడటం ఈ సబ్జెక్టులో మామూలే. ఆలోచించడం నేర్పిన గురువు ఆయనేనని ఒకరు కృతజ్ఞతతో చెబుతారు. బోర్డు నిండా రాశారు, తుడిచారు, వెళ్లిపోయారు, పరీక్షలో మాత్రం మేమెన్నడూ చూడని అణువు ఇచ్చారని పక్క బెంచీ విద్యార్థి బాధపడతాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. రసాయన చర్యలో ఎలక్ట్రాన్లు ఎటు కదులుతాయో చూపడానికి ప్రొఫెసర్ గీసిన బాణం వెనకున్న ప్రశ్న మొదటి విద్యార్థికి దొరికింది. రెండో విద్యార్థికి బాణం మాత్రమే నోట్సులోకి ఎక్కింది. ఆ ప్రశ్న అందరికీ అందేలా బోధన సాగిందా, లేక ఎవరికి వారే పట్టుకోవాలని వదిలేశారా? విచారించాల్సింది దీన్ని.

1828లో యూరియాను ప్రయోగశాలలో తయారుచేసి కొత్త దారి తెరిచిన ఫ్రెడరిక్ వోలర్ అంతటివాడే, ఏడేళ్ల తర్వాత తన గురువు బెర్జీలియస్‌కు రాసిన ఉత్తరంలో కర్బన రసాయనాన్ని అడుగు పెట్టడానికే భయం గొలిపే ఆదిమారణ్యంతో పోల్చాడు. ఆ అడవిలో తర్వాతి తరాలవారు బాటలు వేశారు. 1922లో విలియం కెర్మాక్, రాబర్ట్ రాబిన్సన్ తమ పరిశోధనా పత్రంలో ఎలక్ట్రాన్ల కదలికను చూపడానికి వంపు బాణాలు గీశారు. ఎలక్ట్రాన్ జంట ఉన్న చోట బాణం మొదలవుతుంది, అది చేరబోయే చోట మొన ఆగుతుంది. నియమం ఇంతే. వేలాది చర్యలను విడివిడిగా గుర్తుపెట్టుకోవాల్సిన భారాన్ని ఈ చిన్న గుర్తు తీసేసింది. అలాంటి గుర్తు ఈనాటి విద్యార్థికి మరో భారంగా ఎందుకు మారింది?

ఒక ఉదాహరణ చూద్దాం. బ్రోమిన్‌తో బంధం ఉన్న ఒక కర్బన పరమాణువు ఉంది. దాని మిగతా మూడు చేతుల్లోనూ హైడ్రోజన్లే ఉంటే హైడ్రాక్సైడ్ అయాన్ వెనక నుంచి వచ్చి తాకుతుంది, బ్రోమిన్ అవతలి వైపు నుంచి వైదొలగుతుంది, మిగిలిన మూడు బంధాలూ గాలికి గొడుగు తిరగబడినట్టు మరో వైపుకు వంగుతాయి. ఆ మూడు హైడ్రోజన్ల చోట మూడు మిథైల్ సమూహాలుంటే (ఒక్కో సమూహంలో ఒక కర్బనం, మూడు హైడ్రోజన్లు) వెనక దారి మూసుకుపోతుంది. దాన్ని నీటిలో ఉంచితే బ్రోమిన్ తన ఎలక్ట్రాన్ జంటతో ముందు తానే వెళ్లిపోతుంది, ధనావేశంతో మిగిలిన కర్బనాన్ని నీరు ఆ తర్వాత చేరుకుంటుంది. నీటికి బదులు బలమైన క్షారాన్ని వేస్తే కథ మళ్లీ మారుతుంది. క్షారం ఆ కర్బనం జోలికి పోదు. పొరుగు కర్బనం మీదున్న హైడ్రోజన్‌ను లాక్కుంటుంది, ద్విబంధం ఏర్పడుతుంది. 1930లలో ఎడ్వర్డ్ హ్యూస్, క్రిస్టఫర్ ఇన్‌గోల్డ్ చర్యా వేగాలను కొలిచి ప్రతిక్షేపణ (ఒకదాని చోటికి మరొకటి రావడం), విలోపన (అణువు నుంచి కొంత తొలగి ద్విబంధం ఏర్పడటం) చర్యల ఈ తేడాలను తేటతెల్లం చేశారు.

దీన్ని రెండు విధాలుగా చెప్పవచ్చు. నాలుగు గడుల పట్టిక గీసి, ఏ అణువుకు ఏ కారకం, ఏ ద్రావణి, ఏ ఫలితం అని నింపి పది నిమిషాల్లో ముగించవచ్చు. లేదా ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎక్కువగా ఉన్నాయి, ఎక్కడ తక్కువగా ఉన్నాయి, దారికి అడ్డం ఏముంది అని అడుగుతూ విద్యార్థుల చేతనే బాణాలు గీయించవచ్చు. రెండో పద్ధతికి గంట పడుతుంది. సిలబస్ కొండంత ఉంటుంది, సెమిస్టర్ చూస్తుండగానే కరిగిపోతుంది, మొదటి పద్ధతే గెలుస్తుంది. అధ్యాపకుల ఈ ఇబ్బందిని మేము చిన్నచూపు చూడటం లేదు. కానీ పట్టికగా చెప్పిన పాఠం పట్టికగానే మనసులో మిగులుతుంది. విద్యార్థి దాన్ని బట్టీ పడతాడు. పరీక్షలో పట్టికలో లేని అణువు ఎదురవుతుంది. అప్పుడతని చేతిలో ఏమీ ఉండదు.

ఇది కొత్తగా చేరినవారి సమస్యేనని సరిపెట్టుకోవడానికీ లేదు. కర్బన రసాయనంలో ఉన్నత చదువులు చదువుతున్న విద్యార్థులు చర్యా విధానాలను, అంటే చర్య ఏ దశల్లో సాగుతుందన్నదాన్ని, ఎలా రాస్తారో పరిశీలించిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. ఉత్పన్నం (చర్య చివర వచ్చే పదార్థం) దాకా చేర్చే గీతలుగానే వారిలో చాలామంది బాణాలను వాడారని, ఆ గీత వెనక ఎలక్ట్రాన్లు నిజంగా ఏం చేస్తున్నాయన్న ఊహ వారికి లేదని అందులో తేలింది. ఈ సబ్జెక్టులో పరీక్షలన్నీ గట్టెక్కి వచ్చినవారు వారు. అంటే అర్థం తెలియకున్నా గట్టెక్కే వీలును పరీక్షలే ఇచ్చాయన్నమాట.

పరీక్షల విషయానికొస్తే, విద్యార్థుల ఫిర్యాదులన్నీ ఒకే తూకంవి కావు. ప్రశ్నలు కష్టంగా ఉన్నాయనడాన్ని మేము పెద్దగా పట్టించుకోము. చూడని అణువును ఇచ్చి ఏమవుతుందో చెప్పమనడం ఈ శాస్త్రానికి న్యాయమైన పరీక్ష. రేపు మందు తయారుచేసే వ్యక్తికైనా, దాన్ని రోగికి రాసిచ్చే వ్యక్తికైనా జీవితం చూడని ప్రశ్ననే ఇస్తుంది. అయితే అలాంటి ప్రశ్నను మొదటిసారి పరీక్ష హాలులోనే ఎదుర్కోవాల్సి రావడం అన్యాయం. ఈత గురించి మూడు నెలలు ఉపన్యాసాలిచ్చి, చివరి రోజున నీటిలోకి తోయడం వంటిదది. మునిగినవారిని చూపించి ప్రమాణాలు పడిపోయాయని వాపోవడం అంతకంటే తప్పు.

మార్కులు వేసే పద్ధతి మీద వచ్చే ఫిర్యాదు మరింత బరువైనది. అయిదు దశల్లో ఒక సమ్మేళనాన్ని తయారుచేయమని ప్రశ్న ఉంటుంది. విద్యార్థి రెండో దశలో పొరబడ్డాడు. ఆ పొరపాటు మీద కట్టిన తర్వాతి మూడు దశలూ తర్కబద్ధంగానే ఉన్నాయి. కొన్ని చోట్ల ఈ జవాబుకు మార్కులు దక్కుతాయి, కొన్ని చోట్ల సున్నా పడుతుంది. సున్నా వేసినవారు ఉత్పన్నాన్ని మాత్రమే చూశారు. ఆలోచనను కొలుస్తామని చెప్పి చివరి బొమ్మను కొలవడం మాట తప్పడమే. దిద్దిన జవాబు పత్రం మీద ఎర్ర గీత తప్ప ఒక్క ముక్కా లేకపోతే ఆ విద్యార్థి తన పొరపాటు నుంచి ఏం నేర్చుకోగలడు? జవాబుల పట్టికను అంటించి చేతులు దులుపుకుంటే సరైన బాణం ఎక్కడుందో తెలుస్తుంది, తన బాణం ఎందుకు తప్పో తెలియదు.

సమయం సంగతీ ఉంది. పూర్తిచేయలేనంత పొడవైన పేపరు ఆలోచనను కాక చేతి వేగాన్నే కొలుస్తుంది. ఇక తరగతి సగటు పాతాళానికి పడిపోయినప్పుడు గ్రేడ్లను పైకి సవరించడం మేలులాగే కనిపిస్తుంది. కానీ నేను సగం కూడా రాయలేకపోయాననే గాయం సవరించిన గ్రేడుతో మానదు. ఆ గాయంతోనే కొందరు ఈ శాస్త్రాన్ని శాశ్వతంగా విడిచిపెడుతున్నారు. మమ్మల్ని అన్నింటికంటే కలవరపెట్టేది ఇదే.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా న్యూయార్క్ విశ్వవిద్యాలయం పేరు వినిపిస్తుంది. ప్రిన్స్‌టన్‌లో దశాబ్దాలు బోధించి, ఈ సబ్జెక్టులో పేరున్న పాఠ్యపుస్తకం రాసిన మెయిట్‌లాండ్ జోన్స్ అక్కడ కర్బన రసాయనం చెప్పేవారు. 2022 వసంతంలో సుమారు 350 మంది తరగతిలో 82 మంది ఆయన కోర్సు మీద ఫిర్యాదు పత్రంపై సంతకాలు చేశారు. తాము పెట్టిన శ్రమకు తగ్గ మార్కులు రావడం లేదన్నది వారి ఆవేదన. ఆయనను తొలగించమని మాత్రం ఆ పత్రం కోరలేదు. తర్వాతి సెమిస్టర్ మొదలయ్యే ముందు విశ్వవిద్యాలయం ఆయన ఒప్పందాన్ని రద్దు చేసింది. అప్పటికి ఆయన వయసు 84. విద్యార్థులు ప్రశ్నలను సరిగా చదవడం లేదని, కొవిడ్ తర్వాత ఏకాగ్రత మరీ తగ్గిందని ఆయన వాదించారు. లోకం రెండు జట్లుగా చీలి గారాబం పెరిగిందని ఒకరు, అహంకారం పెరిగిందని మరొకరు తిట్టుకున్నారు.

మా దృష్టిలో అక్కడ ఓడింది విశ్వవిద్యాలయ యంత్రాంగం. ఫిర్యాదు చేతికి వచ్చినప్పుడు ప్రశ్నపత్రాలు, దిద్దిన జవాబులు ముందు పెట్టుకుని, ఆ సబ్జెక్టు తెలిసిన నలుగురిని కూర్చోబెట్టి, పరీక్షలో అడిగినదాన్ని తరగతిలో సాధన చేయించారా అని చూడాలి. జవాబు అవును అయితే ప్రొఫెసర్ వెంట నిలబడాలి. కాదంటే ఆయనతో కలిసి కోర్సును సరిదిద్దాలి. మనిషిని పంపించేయడం ఈ రెండింటికంటే తేలిక. బోధనకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

విద్యార్థుల అభిప్రాయాన్ని ఎంతవరకు నమ్మాలి? 2019లో హార్వర్డ్ పరిశోధకులు భౌతిక శాస్త్ర తరగతుల్లో చేసిన అధ్యయనం దీనికి కొంత వెలుగునిస్తుంది. తామే సమస్యలతో కుస్తీ పట్టిన విద్యార్థులు, చక్కని ఉపన్యాసం విన్నవారికంటే ఎక్కువ నేర్చుకున్నారు. కానీ తాము తక్కువ నేర్చుకున్నామనే భావించారు. సాఫీగా సాగిన ఉపన్యాసం అర్థమైపోయిందన్న భ్రమ కలిగిస్తుంది. తడబాటు నిజమైన నేర్పును కూడా వైఫల్యంలా తోపిస్తుంది. కాబట్టి విద్యార్థిని సాక్షిగా వినాలి. పేపరు పూర్తి కాలేదని, జవాబు పత్రం తిరిగి రాలేదని, సందేహం అడిగితే అవమానించారని చెప్పినప్పుడు అతనిది ప్రత్యక్ష సాక్ష్యం. అవమానం విషయంలో మాకు రెండో ఆలోచన లేదు, ఏ పాండిత్యమూ దానికి పరిహారం కాదు. తాను ఎంత నేర్చుకున్నాడన్న తీర్పును మాత్రం అతని అనుభూతికే వదిలేయకూడదు.

ఉపన్యాసం ఒక్కటే సరిపోదనడానికి ఆధారాలకూ కొరత లేదు. విజ్ఞాన, గణిత, ఇంజినీరింగ్ కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ 2014లో ప్రచురితమైంది. ఉపన్యాసాల తరగతుల్లో సగటున 33.8 శాతం మంది తప్పితే, విద్యార్థుల చేత పని చేయించిన తరగతుల్లో 21.8 శాతం మంది తప్పారు. ఇన్నేళ్ల తర్వాత కూడా వందల మంది కిక్కిరిసిన హాలులో ఒకే గొంతు గంటసేపు మోగుతూ ఉండటానికి సమర్థన ఏమిటో విశ్వవిద్యాలయాలే చెప్పాలి. వందల మందికి ఒక్క ప్రొఫెసర్‌ను అప్పగించి, దిద్దడానికి సహాయకులను ఇవ్వకుండా, ఒక్కొక్కరి బాణాన్నీ పరిశీలించమనడం కూడా న్యాయం కాదు. చిన్న బృందాల్లో సాధన చేయించే సహాయ బోధకులు లేకుండా ఈ సబ్జెక్టు సాగదు. దానికయ్యే ఖర్చును ప్రొఫెసర్ ఓపిక మీదికి నెట్టకూడదు.

పాత ప్రశ్నపత్రాలు సీనియర్ల పరిచయం ఉన్నవారికే దొరికే పరిస్థితి పోవాలి. శాఖే వాటిని అందరికీ ఇవ్వాలి. ప్రతి పేపరునూ ముందుగా ఆ శాఖలోని మరో అధ్యాపకుడు గడియారం పెట్టుకుని రాయాలి. ఆయనకే సమయం బొటాబొటిగా సరిపోతే ఆ పేపరును కుదించాలి. వారానికి ఒక గంటైనా పరీక్షలో వచ్చే తరహా చూడని అణువును బోర్డు మీద ఉంచి ప్రొఫెసర్ మౌనంగా నిలబడాలి, విద్యార్థులు తప్పులు చేస్తూ ముందుకు సాగాలి. ఆ తప్పులకు మార్కులు కోయకూడదు.

విద్యార్థులనూ ఒక మాట అడుగుతున్నాం. సమస్యను చదివి రెండు నిమిషాల్లో జవాబు పుస్తకం తెరవడం, దాన్ని చూసి "ఇది నాకు తెలుసు" అని తృప్తి పడటం చదువు కాదు. తెలిసినట్టు అనిపించడానికీ ఖాళీ కాగితం మీద గీయగలగడానికీ ఉన్న దూరాన్ని పరీక్ష కంటే ముందు మీరే కొలుచుకోవాలి. మణికట్టు నొప్పి పుట్టేదాకా బాణాలు గీయాలి. అర్థం కానప్పుడు ప్రొఫెసర్ గది తలుపు తట్టాలి.

ఆ తలుపు తెరిచి ఉండాలి. మొదటి మధ్యంతర పరీక్షలో తప్పిన విద్యార్థి జవాబు పత్రం పట్టుకుని లోపలికి వచ్చినప్పుడు ప్రొఫెసర్ మార్కుల లెక్క పక్కన పెట్టి, కుర్చీ చూపించి, పెన్సిల్ అతని చేతికే ఇచ్చి అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఈ బాణాన్ని ఇక్కడి నుంచే ఎందుకు మొదలుపెట్టావు?"