అది తాటిజాతి చెట్టు కాదు

నార్ఫోక్ ద్వీపంపై మీ వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే అందులోని ఒక ఫొటో కింద ‘తాటిజాతి చెట్టు’ అని రాశారు. అది నిజానికి ఫెర్న్ జాతికి (పువ్వులు, గింజలు లేని మొక్కల జాతి) చెందిన చెట్టు. ఆస్ట్రేలియా తీరానికి తూర్పున 1,400 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, సుమారు 35 చదరపు కిలోమీటర్ల ఆ నేలపై మాత్రమే సహజంగా పెరిగే ఈ మొక్కను శాస్త్రజ్ఞులు సయాథియా బ్రౌని అంటారు. ఇరవై మీటర్ల దాకా ఎదగగలదు కనుక దూరం నుంచి చూసేవారు పొరబడటం సహజమే, పైగా అక్కడ అసలైన తాటిజాతి చెట్టు కూడా ఒకటి ఉంది.

దగ్గరికి వెళితే అనుమానం ఉండదు. లేత ఆకు పొలుసులు కప్పుకొని చుట్ట చుట్టుకొని పుడుతుంది. ముదిరిన ఆకు రాలినప్పుడు కాండంపై నున్నగా, కోడిగుడ్డు ఆకారంలో మచ్చ మిగులుతుంది. అదే ద్వీపంలో చెట్టులా పెరిగే మరో ఫెర్న్‌కు కాడల మొదళ్లు రాలకుండా గరుకుగా ఉండిపోతాయి. పువ్వు, కాయ, గింజ దీనికి లేవు. ఆకు అడుగున గోధుమరంగు చుక్కల్లో ఉండే సిద్ధబీజాలు (గింజలకు బదులుగా కొత్త మొక్కకు దారితీసే సన్నని పొడిలాంటి కణాలు) తడినేలపై పడితే గోరంత కూడా లేని పచ్చని పలుచటి పొర మొలుస్తుంది, ఆ పొర మీద నీటి తడిలోనే ఫలదీకరణ జరిగి కొత్త మొక్క పుడుతుంది. దయచేసి ఫొటో కింది వాక్యాన్ని సవరించగలరు.