డ్రయ్యరు దండగ!

కర్మాగారం అంచనా వ్యయంలో కోతకు అన్నివిధాలా అర్హమైనది, వాల్వులనూ పరికరాలనూ నడిపే నొక్కిన గాలిలోని తేమను తీసేసే ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ డ్రయ్యరేనని సవినయంగా మనవి చేస్తున్నాను. బాయిలరు ఆవిరినిస్తుంది, పంపు నీళ్లు తోడుతుంది. ఈ డ్రయ్యరు మాత్రం, హీటరు లేని రకమైతే, కంప్రెసరు కష్టపడి నొక్కిన గాలిలో దాదాపు 15 శాతాన్ని తేమ పీల్చే తన గుళికలు ఆరబెట్టుకోవడానికే ఊదేసుకుంటుంది. ఇంత దుబారాను ఏ ఆడిటరు సహిస్తాడు?

విశాఖ తీరంలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున గంటకు 1000 ఘనమీటర్ల గాలి పీల్చే కంప్రెసరు సుమారు 24 లీటర్ల నీటిని కూడా మింగుతుంది. ఆ గాలిని 7 బార్లకు నొక్కి 40 డిగ్రీలకు చల్లారిస్తే పదిహేడు పద్దెనిమిది లీటర్లు ఆఫ్టర్‌కూలర్ దగ్గరే దిగిపోతాయి. మిగిలిన ఆరేడు లీటర్ల కోసం యంత్రం కొనడం మడి కట్టుకోవడమే. డ్యూ పాయింటు, అంటే గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, ఆ చోటి కనిష్ఠ ఉష్ణోగ్రతకన్నా 10 డిగ్రీలు తక్కువ ఉండాలని ఆటోమేషన్ నిపుణుల అంతర్జాతీయ సంస్థ ఐఎస్ఏ ప్రమాణం అంటుంది. ప్రమాణం రాసినవారు మన కొనుగోలు కమిటీలో కూర్చోలేదు. వాల్వు ఎంత తెరుచుకోవాలో గాలితో సరిదిద్దే పొజిషనరు నాజిల్ రంధ్రంలో నీరూ తుప్పూ ఇరుక్కుంటే, అంత సన్నగా ఉండడం నాజిల్ తప్పు.

అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో నీటిని శుద్ధిచేసే రెసిన్ గుళికల అడ్డు తొలగించబోతే, ఒకవైపే పోనివ్వాల్సి ఉన్నా మూసుకోని చెక్ వాల్వ్ మీదుగా ఇన్‌స్ట్రుమెంట్ గాలి గొట్టంలోకి నీరు చేరి, 1979 మార్చి 28 తెల్లవారుజామున ఆవిరి తయారీకి నీరందించే ఫీడ్‌వాటర్ పంపులు ఆగిపోయాయి. ఆపైన ఇంకో వాల్వ్, మరికొన్ని పొరపాట్లు తోడై రియాక్టర్ కోర్‌లో దాదాపు సగం కరిగింది. అయితే అక్కడ నీరు పొరపాటున చేరింది. మనం డ్రాయింగు మీద ముగ్గురి సంతకాలతో పంపిస్తాం.

హెడరు అనే ప్రధాన గొట్టం పైభాగం నుంచే బ్రాంచి తీయాలనడం కూడా చాదస్తమే. అడుగునుంచి తీస్తే గొట్టం ఒక మూర కలిసొస్తుంది, అడుగున చేరిన నీరు వృథా కాకుండా వాల్వుకే అందుతుంది. కంప్రెసరు ఆగినా ప్లాంటును క్షేమంగా ఆపేంతసేపు రిసీవరు అనే నిల్వ ట్యాంకులో గాలి ఉండాలట! గాలి పోతే మూసుకునేలా ఫెయిల్ క్లోజ్, తెరుచుకునేలా ఫెయిల్ ఓపెన్ అని వాల్వులకు స్ప్రింగులు పెట్టింది ఎందుకు మరి? చివరి వాల్వుకు ఒత్తిడి చాలకపోతే లీకులు వెతకడం చిన్నతనం కనుక కంప్రెసరు సెట్టింగు ఒక బారు పెంచాలి. కరెంటు ఖర్చు ఆరేడు శాతం పెరిగినా బిల్లు వేరే విభాగానిది.

పనిముట్లకూ శుభ్రతకూ వాడే సర్వీస్ ఎయిర్‌కు వేరే లైను కూడా అనవసరం. మే నెలలో ఒళ్లు చల్లబరుచుకోవడానికీ, నేల ఊడ్చడానికీ, 'ఈ గాలి పరికరాలకు మాత్రమే' అన్న బోర్డు మీది దుమ్ము ఊదడానికీ అందరూ ఇప్పటికే ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ గొట్టాన్నే వాడుతున్నారు.