నలగని నిమ్మకాయలు

మా మేనమామ డిగ్రీ కళాశాలలో గణితం బోధించి పదవీ విరమణ చేసిన మరుసటి నెలలోనే, తెనాలి దగ్గరి స్వగ్రామంలో పశువుల కొట్టం మూలన పాత గోనెపట్టాల కింద ఏళ్ళ తరబడి పడి ఉన్న జావా 250 మోటారుసైకిలును నలుగురు మనుషుల చేత బయటికి లాగించారు. అది 1970లో వారి తండ్రిగారు కొన్న బండి. చెకోస్లొవేకియాకు చెందిన జావా కంపెనీ లైసెన్సుతో మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1961 నుంచి తయారుచేసిన బండ్లలో అదొకటి. ఆ కర్మాగారమే తరువాత యెజ్డీ అన్న పేరుతో బండ్లు చేసి, చివరికి 1996లో మూతపడింది. ఒకప్పుడు ముదురు మెరూన్ రంగు మీద బంగారు గీతలతో, ట్యాంకుకు ఇరువైపులా అద్దంలా మెరిసే క్రోమియం పలకలతో పెళ్ళికొడుకులా ఉండేదని మా అమ్మ చెప్పే ఆ వాహనం బయటికి వచ్చేసరికి, రెండు సైలెన్సర్లలో ఒకదాని నిండా కందిరీగలు మట్టిగూళ్ళు కట్టుకున్నాయి; రెండో దానిలో ఏముందో చూసే ధైర్యం ఎవరికీ కలగలేదు. సీటు మీద కొన్ని తరాలుగా కోళ్ళు పొదుగుతున్నాయి. బండిని కదిలించిన రోజున అందరికంటే ఎక్కువ బాధపడినది నిలువనీడ కోల్పోయిన కోడిపెట్ట ఒక్కటే. అది మామయ్యను చాలా దూరం వెంబడించింది.

మేస్త్రీని పిలిపిద్దామని అత్తయ్య అన్నారు. మామయ్య ససేమిరా ఒప్పుకోలేదు. మేస్త్రీలు చెవితో పని చేస్తారనీ, తాను లెక్కతో పని చేస్తాననీ, చెవి వయసుతో పాటు మందగిస్తుందిగాని లెక్క మందగించదనీ ఆయన సిద్ధాంతం. జావా మాన్యువల్ జిరాక్సు ప్రతిని ఎక్కడి నుంచో సంపాదించి, బైండు చేయించి, అట్ట మీద తన పేరూ, పేరు కింద డిగ్రీలూ రాసుకున్నారు. ఆదివారాలు గుంటూరు నుంచి వచ్చే నాకు టార్చి పట్టే ఉద్యోగం ఇచ్చారు. పెద్దవాళ్ళు పని చేస్తుండగా టార్చి పట్టిన అనుభవం ఉన్నవారికి ఆ ఉద్యోగం గురించి విడమరచి చెప్పనక్కరలేదు: వెలుతురు ఎప్పుడూ కావలసిన చోటికి జానెడు దూరంలోనే పడుతుంది, పోయిన స్క్రూ ఎప్పుడూ టార్చి పట్టినవాడి వల్లే పోతుంది.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి డీజిలు, కిరోసిను కలిపి పోసి, కొన్నాళ్ళు నానబెడితే పిస్టను కదిలింది. అంతవరకు పని పెరట్లోనే జరిగింది కాబట్టి ఇంట్లో శాంతిభద్రతలకు లోటు రాలేదు. అసలు కథ ఇంజను విప్పిన తరువాత వంటింట్లో మొదలైంది. ఇంజను అడుగు పెట్టెలో, అంటే క్రాంకు కేసులో, కొత్త బేరింగులు కూర్చోబెట్టాలంటే సుత్తితో కొట్టకూడదనీ, అల్యూమినియం కేసును వేడి చేసి, బేరింగును చల్లబరిస్తే, కేసు వ్యాకోచించి బేరింగు సంకోచించి, ఒకదానిలో ఒకటి వాటంతట అవే దిగిపోతాయనీ మామయ్య నాకు నల్లబల్ల లేని లోటు తెలియకుండా వివరించారు. చెప్పింది అక్షరాలా నిజం. అయితే చల్లబరచడానికి బేరింగులను ఫ్రీజరులో బటర్‌స్కాచ్ ఐస్‌క్రీం డబ్బాలో పెట్టారు. ఐస్‌క్రీం డబ్బాలో ఐస్‌క్రీం ఉండదనీ, కరివేపాకో రుబ్బిన పచ్చడో ఉంటుందనీ తెలుగు పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. బేరింగులుంటాయన్న సంగతి మాత్రం ఆ వేసవిలో సెలవులకు వచ్చిన మనవడే మొదట కనిపెట్టాడు. స్టవ్వు మీద ఒక వైపు క్రాంకు కేసు కాగుతుండగా, రెండో వైపు గ్రీజులో చైను ఉడుకుతుండగా, క్లచ్చు ప్లేట్లు సాంబారు గిన్నెలో నూనెలో నానుతుండగా, అత్తయ్య మూడు పూటలా పక్కింటి నుంచి కాఫీ తెప్పించుకుని తాగారు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడం మామయ్య శుభసూచకంగా భావించారు. నలభై ఏళ్ళ కాపురం తరువాత కూడా ఆయన అలా భావించగలగడం నాకు బేరింగుల కంటే ఆశ్చర్యం కలిగించింది.

విడిభాగాల కోసం మేము విజయవాడ ఆటోనగర్‌లోనూ, హైదరాబాదు పుత్లీబౌలీలోనూ తిరిగాము. ఆ ప్రయాణాలలో చెప్పుకోదగినది ఒక్కటే: జావా అన్న పేరు వినగానే దుకాణదారు సామాను చూపించడు. తనకున్న జావా గురించి, లేదా తన తండ్రికున్న జావా గురించి, దాన్ని ఎంత తక్కువకు అమ్మేశారో దాని గురించి ముందు చెబుతాడు. ఆ తరువాతనే సామాను లేదని చెబుతాడు.

విప్పిన ప్రతి భాగాన్నీ, ప్రతి నట్టునూ మామయ్య అగ్గిపెట్టెలలో వేసి, ఒక్కొక్కదాని మీద ఎక్స్ ఒకటి, ఎక్స్ రెండు అని రాసి, నోటు పుస్తకంలో పట్టిక తయారుచేశారు. ఇంత పద్ధతిగా ఇంజను విప్పినవాడు మైసూరులో కూడా ఉండి ఉండడు. అన్నీ తిరిగి బిగించిన తరువాత పళ్ళెంలో నాలుగు స్క్రూలు మిగిలాయి. నేను వాటి వంక చూడడం చూసి ఆయన, "భాగహారంలో శేషం రావడం తప్పు కాదురా, శేషం రాదనుకోవడం తప్పు" అన్నారు.

ఇక మిగిలింది ఇగ్నిషన్ టైమింగు. పిస్టను పై కొసకు చేరడానికి ఎన్ని మిల్లీమీటర్ల ముందు స్పార్కు పడాలో పుస్తకం చూసి, ప్లగ్గు రంధ్రంలోంచి కొలిచి, ఆ బిందువు దగ్గర పాయింట్లు, అంటే విడిపోగానే స్పార్కు పుట్టించే రెండు చిన్న లోహపు ముక్కలు, విడిపోయేటట్లు ఆయన అమర్చారు. అంతటితో ఊరుకుంటే ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు. ఆ రాత్రి పడుకోబోయే ముందు పాయింట్ల మధ్య ఎడం 0.4 మిల్లీమీటర్లు ఉండాలన్న వాక్యం ఆయన కంటపడింది. లేచి వెళ్ళి చూస్తే ఎడం తక్కువగా ఉంది. దాన్ని సరిగ్గా 0.4కు పెంచి, తృప్తిగా నిద్రపోయారు.

శుక్రవారం ఉదయం వాహనపూజ. శాస్త్రిగారు బండిని తూర్పు ముఖంగా నిలబెట్టించి, హెడ్‌లైటుకు పసుపు, కుంకుమ పెట్టి, హ్యాండిలుకు బంతిపూల దండ వేసి, ముందు చక్రానికి ముందొకటి, వెనక చక్రానికి ముందొకటి చొప్పున నిమ్మకాయలు పెట్టించారు. బ్రేకులు ఇంకా పరీక్షించలేదన్న విషయం అప్పటికి ఊరంతా తెలుసు. అందువల్ల అత్తయ్య పిల్లలను, ఇరుగుపొరుగువారిని, హారతి పళ్ళెం పట్టుకున్న ముత్తైదువులను, చివరికి గుమ్మడి వడియాలు ఆరబోసిన నులకమంచాన్ని కూడా ముందు జాగ్రత్తగా బండికి ముందు నుంచి తీయించి, వెనక్కి చేర్చారు. బండి ముందు గేటు దాకా వాకిలి బోడిగా, నిర్మానుష్యంగా మిగిలింది.

మామయ్య పట్టుపంచెలో వచ్చారు. జావాలో కిక్కు రాడ్డే గేరు రాడ్డు. దాన్ని లోపలికి నొక్కి, వెనక్కి తిప్పి నిలబెడితే కిక్కు, తిరిగి ముందుకు వాల్చితే గేరు. కిక్కు కొట్టాలంటే కాలు బాగా పైకెత్తి, ఒంటి బరువంతా వేసి తొక్కాలి. పట్టుపంచె అంతటి ఔదార్యాన్ని అనుమతించదు. పంచె ఊడకుండా, అంచు నలగకుండా, శాస్త్రిగారి ముందు మర్యాద తప్పకుండా ఆయన ఒక అరకిక్కు కొట్టారు. రాడ్డు ఒక్కసారి ఆయన కాలిని పైకి తన్నింది. అయినా ఇంజను అందుకుంది. రెండు సైలెన్సర్లలోంచీ తెల్లని పొగ లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు విని మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. హెడ్‌లైటు దగ్గరి ఎర్రదీపం ఆరకపోవడం ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పక తప్పదు. జావాలాంటి టూ స్ట్రోక్ ఇంజనులో వాల్వులు ఉండవు. సిలిండరు గోడలోని పోర్టులను, అంటే రంధ్రాలను, పిస్టనే పైకీ కిందికీ కదులుతూ మూస్తుంది, తెరుస్తుంది. పిస్టను తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, ఎటు తిరుగుతున్నదన్న పట్టింపు వాటికి లేదు. స్పార్కు మరీ ముందుగా పడి, కిక్కులో బలం కూడా చాలకపోతే, పేలుడు పిస్టనును పై కొస దాటనివ్వకుండా వచ్చిన దారినే తన్ని పంపుతుంది. అప్పుడు ఇంజను వెనక్కి తిరగడం మొదలుపెట్టి, కొంచెం నీరసంగానైనా అలాగే నడుస్తుంది. గేరు పెట్టెకు ఈ సంగతి తెలియదు. అది తన నాలుగు గేర్లనూ యథావిధిగా అందిస్తుంది, నాలుగూ వెనక్కే.

మామయ్య గేరు వేశారు. జావాలో ఆ రాడ్డును కాలితో కదిపితే క్లచ్చు దానంతట అదే విడిపోయి, కాలు తీయగానే తిరిగి పట్టుకుంటుంది. కాలు తీశారు. గేటు వైపు తదేకంగా చూస్తూ, మెడలో దండతో, చిరునవ్వుతో, ఆయన నిదానంగా మా అందరి వైపు రాసాగారు. బండికి బలం చాలక వెనక్కి జారుతున్నదనుకుని యాక్సిలరేటరు ఇంకాస్త తిప్పారు. దానితో బండి మరింత ఉత్సాహంగా వెనక్కి వచ్చింది. ముత్తైదువులు హారతి పళ్ళెంతో సహా రెండుగా చీలిపోయారు. పిల్లలు ఆనందంతో కేకలు వేశారు. నులకమంచం ఎవరి మాటా వినే స్థితిలో లేదు. వడియాలలో సగం చక్రం కిందా, సగం మామయ్య పట్టుపంచె మీదా పడిన తరువాత, బండి వెళ్ళి గడ్డివాములో వెనక చక్రం మునిగేదాకా దిగబడి ఆగిపోయింది. వేడి సైలెన్సర్లు గడ్డిలో ఉన్నాయన్న స్పృహ అత్తయ్యకే ముందు వచ్చింది. ఆమె తొట్టిలోంచి బకెట్టుతో నీళ్ళు తెచ్చి ముందు గడ్డి మీద పోశారు, ఆపైన బండి మీద పోశారు, మిగిలినవి మామయ్య మీద పోశారు. ఆ చివరి పోత అవసరమా అని నేను అడగలేదు.

శాస్త్రిగారు మాత్రం వాకిట్లోనే నిలబడి నేల వైపు చూస్తున్నారు. రెండు నిమ్మకాయలూ పెట్టినవి పెట్టినట్లే ఉన్నాయి.

"నిమ్మకాయలు నలగలేదు బాబూ. దిష్టి పోయినట్లు కాదు" అన్నారాయన.

"బండి కదిలింది కదండీ" అన్నారు మామయ్య, చెవిలోంచి వడియం తీసుకుంటూ. "ముందుకు కదిలినా, వెనక్కి కదిలినా స్థానభ్రంశం స్థానభ్రంశమే. ఇది ఋణాత్మకం, అంతే తేడా."

"తమరు అలాగంటే సరే. దక్షిణ మాత్రం ఋణాత్మకం కాకుండా చూడండి."

మధ్యాహ్నానికి మేస్త్రీ వచ్చాడు. అత్తయ్య కబురు ఎప్పుడు పంపారో తెలియదు. పూజకు ముందే పంపి ఉంటారని నా అనుమానం. డెబ్బై దాటిన మనిషి. జరిగింది వింటూ కూడా నవ్వలేదు. "ఎర్రలైటు ఆరిందా మాస్టారూ?" అని ఒక్కటే అడిగాడు. ఆరలేదని చెప్పగానే తల ఊపాడు. డైనమో కూడా వెనక్కి తిరిగితే చార్జింగు ఇవ్వదట. తరువాత పాయింట్ల మీది మూత తీసి, "ముందు టైమింగు పెట్టి, తరువాత గ్యాపు మార్చారా?" అన్నాడు. మామయ్య మౌనం వహించారు. గ్యాపు పెంచితే పాయింట్లు ముందే విడిపోతాయి, స్పార్కు ముందుకు జరిగిపోతుంది. అందుకే గ్యాపు మొదట చూడాలి, టైమింగు ఆ తరువాత. మేస్త్రీ సిగరెట్టు పెట్టెలోంచి పలుచని కాగితం చించి పాయింట్ల మధ్య పెట్టి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పుతూ, కాగితం వదులైన క్షణం దగ్గర ఆపి, స్క్రూ బిగించాడు.

"ఎన్ని మిల్లీమీటర్లు పెట్టావు?" అన్నారు మామయ్య, నోటు పుస్తకం తెరచి.

"కావలసినన్ని పెట్టానండీ."

వెళ్ళబోతూ పళ్ళెంలోని శేషం చూశాడు. మూడు స్క్రూలు తీసి, వాటి స్థానాలలో మారుమాట లేకుండా బిగించాడు. నాలుగోదాన్ని వెలుతురులో తిప్పి చూసి, "ఇది జావాది కాదండీ, కుట్టుమిషనుది" అన్నాడు. కొన్ని వారాలుగా మిషను ఎందుకు గడగడలాడుతున్నదో అత్తయ్యకు అప్పుడు అర్థమైంది.

సాయంత్రం బండి ముందుకు వెళ్ళింది, నిమ్మకాయలూ నలిగాయి. దానితో అత్తయ్యకు కొత్త దిగులు పట్టుకుంది: ఈ వయసులో ఈయన రోజూ దీని మీద ఊరేగుతారేమోనని. ఆమెకు ధైర్యం చెప్పడానికి నేను 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చదివి వినిపించాను. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మార్చని బండిని వింటేజి వాహనంగా నమోదు చేసుకోవచ్చు. అలా కొత్తగా నమోదు చేయించడానికి 20,000 రూపాయల రుసుము. అది పదేళ్ళు చెల్లుతుంది. కాని అటువంటి బండిని మామూలుగా రోడ్ల మీద తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే బయటికి తీయాలి. అత్తయ్య ఊపిరి పీల్చుకున్నారు. మామయ్య ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, సిద్ధాంతానికి ఉపపత్తి వెతికేవారిలా రెండుసార్లు చదివారు.

నమోదు పూర్తయిన నాటి నుంచి ఆయన రోజూ ఉదయం పెట్రోలు పోయించుకోవడానికి వెళుతున్నారు. టూ స్ట్రోక్ బండికి పెట్రోలులో నూనె కొలిచి కలపాలి కాబట్టి, ఒక్కసారే ఎక్కువ పోయిస్తే లెక్క తప్పుతుందని లీటరు చొప్పునే పోయిస్తారు. ఏ బంకులో పోయించాలో నిబంధనలో ఎక్కడా లేదన్న సంగతి కూడా కనిపెట్టి, మొన్న విజయవాడలోని ఒక బంకు దాకా వెళ్ళి వచ్చారు. బయలుదేరేటప్పుడు ట్యాంకు నిండుగానే ఉందని అత్తయ్య ఫోనులో చెప్పారు.