పర్ఫెక్షన్ మీది, చాకిరీ ఎవరిది?

"నాకు ఏ పనైనా పర్ఫెక్ట్‌గా ఉండాలండీ" అని గొప్పగా చెప్పుకునేవాళ్లు కనిపిస్తే నాకు వెంటనే వచ్చే అనుమానం ఒకటే. ఆ పర్ఫెక్ట్ పని చేసేది ఎవరు? చెప్పే మనిషే చేసుకుంటే చాలా సంతోషం. నేను చూసినంతలో మాత్రం చెప్పేది ఒకరు, రాత్రి పదింటిదాకా కూర్చునేది ఇంకొకరు.

గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. క్లయింటుకి పంపాల్సిన పీపీటీ ఐదింటికే అయిపోతుంది. అప్పుడు మేనేజరుగారు వెనకాల నిలబడతారు. "ఆ బాక్స్ కొంచెం ఎడమకి జరుపు." జరుపుతాం. "ఈ నీలం డల్‌గా ఉంది కదా?" మారుస్తాం. "అబ్బే, పాతదే బాగుంది." ఈలోపు క్యాబ్ వెళ్లిపోతుంది. మర్నాడు క్లయింటు ఆ స్లైడు వైపు ఓ చూపు చూసి, ఏడో స్లైడులో టోటల్ ఎందుకు తేడాగా ఉందని అడుగుతాడు. దాన్ని ఎవరూ చూళ్లేదు. అందరం నీలం రంగు దగ్గరే ఉన్నాం కదా.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పులు పట్టినందుకే నాకు జీతం. కాబట్టి నాకు పనంటే పట్టింపు లేదని ఎవరూ అనకండి. ఈ పనిలో మొదట్లోనే నేర్పే సంగతేంటంటే, అన్నీ టెస్ట్ చేయడం జరగని పని. టెస్టర్లు తీసుకునే ఐఎస్‌టీక్యూబీ సర్టిఫికేషన్‌కి చదివే ఏడు సూత్రాల్లో ఇదొకటి. ఒక ఫారంలో పది గడులు, ఒక్కో గడిలో పది రకాల విలువలు పట్టే వీలుంటే, మొత్తం కాంబినేషన్లు వెయ్యి కోట్లు. ఏ జన్మకి పూర్తవుతాయి? అందుకే దొరికిన ప్రతి బగ్‌కీ, అంటే తప్పుకీ, రెండు ముద్రలు వేస్తాం. దానివల్ల నష్టం ఎంత అన్నది సివియారిటీ. ఎంత తొందరగా సరిచేయాలి అన్నది ప్రయారిటీ. అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసిన ఎవర్నైనా అడగండి, ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చే ప్రశ్న చెప్తారు: హోమ్ పేజీలో కంపెనీ పేరే తప్పు పడితే ఏ ముద్ర వేస్తావు? సివియారిటీ తక్కువ, ప్రయారిటీ ఎక్కువ. యాప్ ఆగిపోదు, పరువు పోతుంది, అంతే.

ఆ తర్వాత, యాప్ రిలీజుకి ముందు ఓ మీటింగ్ పెట్టుకుని, మిగిలిన బగ్‌లన్నీ ముందేసుకుని, ఇవి ఉన్నా వెళ్దామా వద్దా అని తేలుస్తాం. వెళ్దామనుకుంటే వాటిని "తెలిసిన సమస్యలు" అనే పట్టికలో రాసి, అందరికీ చూపించి మరీ వెళ్తాం. సిగ్గుపడం. మీ ఫోన్లో ఉన్న యాప్‌లన్నీ దాదాపు ఇలాగే వచ్చినవే.

ఇంత తెలివి ఆఫీసులో ఉన్న మనకి ఇంటికొచ్చేసరికి ఏమవుతుందో అర్థం కాదు. ఇంట్లో ప్రతిదీ పి1 బగ్గే, అంటే అన్నిటికన్నా ముందు సరిచేయాల్సిందే. పరుపు మీద దుప్పటి ముడత పడినా, పప్పులో పోపు కాస్త నల్లబడినా!

మా బంధువుల్లో ఒకాయన ఉన్నారు, వరసకి బాబాయి. మనిషి మంచివారే. ఇంటికి ఎవరినైనా భోజనానికి పిలిస్తే ఏ లోటూ ఉండకూడదంటారు. పిన్ని ముందురోజే మినప్పప్పు నానేసి, పొద్దున్నే లేచి రుబ్బి, పొయ్యి దగ్గరే నిలబడి ఒక్కో వాయి తీస్తుంటే, ఆయన హాల్లో కూర్చుని "వేడివేడిగా పట్రా" అంటుంటారు. అందరి భోజనాలూ అయ్యాక ఆవిడ చల్లారిన పులుసు, అడుగున మిగిలిన అన్నంతో కూర్చుంటుంది. అప్పుడు ఈయన పళ్లు కుట్టుకుంటూ వచ్చి "గారెలు ఇంకాస్త కరకరలాడాల్సిందోయ్" అంటారు. ఏ వంకా లేకపోతే ఆ రోజు ఆయనకి అరగదు.

దీన్ని నేను చాదస్తం అనుకునేదాన్ని. దీని మీద పెద్ద చదువే ఉందట. పాల్ హ్యూయిట్, గోర్డన్ ఫ్లెట్ అనే కెనడా సైకాలజిస్టులు 1991లోనే దీన్ని మూడు రకాలుగా విడదీశారు. నేను తప్పులేకుండా ఉండాలనుకోవడం ఒకటి. ఎదుటివాళ్లు తప్పులేకుండా ఉండాలనుకోవడం రెండోది, మా బాబాయిది అదే. లోకమంతా నా నుంచి తప్పులేనిదే కోరుతోంది అనుకుని కుమిలిపోవడం మూడోది. తర్వాత థామస్ కర్రన్, ఆండ్రూ హిల్ అనే ఇద్దరు, 1989 నుంచి 2016 దాకా అమెరికా, కెనడా, బ్రిటన్ కాలేజీ పిల్లలు 40 వేల మందికి పైగా ఇచ్చిన జవాబులు కలిపి చూస్తే, మూడు రకాలూ పెరిగాయి. అన్నిటికన్నా బాగా పెరిగింది ఆ మూడోదే.

అవి మన పిల్లల లెక్కలు కావు. కానీ ఇంటర్ ఫలితాల మర్నాడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా 470కి 467 అని ఫొటోలతో హోర్డింగులు లేస్తుంటే, 430 వచ్చిన పిల్ల ఇంట్లో ఆ రోజు వాతావరణం ఎలా ఉంటుందో మనకి తెలుసు. "ఆ మిగతావి ఎక్కడ పోయాయి?" అని అడిగే నాన్నల్ని, వాళ్ల సొంత మార్కుల మెమో చూపించమని అడిగే ధైర్యం ఏ పిల్లకీ ఉండదు. ఉంటే బాగుండు.

కొంత పూర్తయ్యాక నడిపించేయడం తప్పు కాదనడానికి మన మెట్రోనే చూడండి. 2017 నవంబరులో మొదలైనప్పుడు నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా 30 కిలోమీటర్లే. హైటెక్ సిటీకి రైలు 2019 మార్చిలో గానీ రాలేదు. మొదటి దశ 69 కిలోమీటర్లు పూర్తయ్యేసరికి 2020 ఫిబ్రవరి. అంతా అయ్యాకే తాళాలు తీస్తామని కూర్చునుంటే రెండేళ్లకు పైగా అందరం ఆ ట్రాఫిక్‌లోనే ఉండేవాళ్లం. (పాతబస్తీ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. ఆ కోపం ఇంకో పోస్టులో.)

ఇదంతా సోమరిపోతుల వాదన అని కామెంట్ పెట్టబోతున్నవాళ్లూ, ఒక్క నిమిషం. మందుల డోసులో, లిఫ్ట్ తాడులో, కరెంటు ఎర్తింగులో నాకు "పర్లేదులే" వద్దు. అక్కడ ఎంత చాదస్తం ఉంటే అంత మంచిది. నా ఒళ్లు మండేదల్లా, సరిగ్గా అక్కడే మనవాళ్లు "అడ్జస్ట్ అవుదాం" అంటారు.

మా అపార్ట్‌మెంట్‌లో సద్దుల బతుకమ్మకి పోటీ పెడతారు. అన్నిటికన్నా ఎత్తుగా, వంకర లేకుండా పేర్చినవాళ్లకి బహుమతి నాన్‌స్టిక్ పెనం. ఆడవాళ్లు పొద్దున్నుంచీ నడుం ఎత్తకుండా గునుగుపూలకి రంగులద్దుతూ, తంగేడు వరసలు సరిచూసుకుంటూ కూర్చుంటారు. సాయంత్రం నీళ్లలో కలిపే పూలకి జడ్జీలు స్కేలు పెట్టి ఎత్తు కొలుస్తారు. ఆడి పాడేవేళకి సగంమందికి ఓపిక ఉండదు. పైగా స్టేజీ మీద లైట్లు ఒకే వరసలో రాలేదని కమిటీవాళ్లు ఎలక్ట్రీషియన్‌ని మూడుసార్లు నిచ్చెనెక్కించారు. అదే ఎలక్ట్రీషియన్ అదే రోజు, సెల్లార్‌లో బోరు మోటారు దగ్గర తొడుగు ఊడిన వైరు చూపిస్తే, "పండగ అయ్యాక చూద్దాంలే" అన్నారు.

పండగ అయింది, దీపావళి కూడా అయింది. కమిటీవాళ్లు ఈ పోస్టు చదువుతారని తెలుసు, మా గ్రూపులో కూడా పెడుతున్నాను. వచ్చే ఏడాది ఆ పెనం, ఆ జడ్జీలు వద్దు. ముందు ఆ వైరు సంగతి చూడండి. పిల్లలు సైకిళ్లు అక్కడే పెడుతున్నారు.