కమీషన్ సున్నా అన్న రసీదు

మొన్నటి సర్వసభ్య సమావేశంలో మన విదేశీ విహారయాత్ర లెక్కలు నేను చదువుతుంటే, వెనక వరుసలోంచి ఒక సభ్యుడు లేచి ఫోన్ ఎత్తి చూపించారు. "మీరు డబ్బు మార్చిన రోజు విదేశీ కరెన్సీ రేటు ఇదండీ. మీరు రాసింది వేరే. మధ్యలో తేడా ఎటు పోయినట్టు?" హాల్లో నవ్వులు. నేను డబ్బు మార్చిన కౌంటర్ ఇచ్చిన రసీదు తీశాను. అందులో కమీషన్ దగ్గర సున్నా ఉంది. దాంతో ఇంకా ఇరుక్కున్నాను. కమీషన్ లేదంటే ఆ తేడా నా జేబులోకే పోయి ఉండాలి కదా! అధ్యక్షులవారు "టైమవుతోంది, తర్వాతి అంశం" అనేసి నన్ను కాపాడాననుకున్నారు. అనుమానం మాత్రం అక్కడే వేలాడుతోంది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఆ రాత్రి విమానం ఆలస్యమై అర్ధరాత్రి దాటాక దిగాం. ఉమ్మడి సొమ్మంతా నా నడుం సంచిలో ఉంది. బస్సువాడికి నగదే ఇవ్వాలన్నారెవరో. పిల్లలు సామాన్ల మీదే నిద్రపోతున్నారు. ఎదురుగా అద్దాల కౌంటర్, దాని మీద 'జీరో కమీషన్' అని పెద్దక్షరాలు. ప్రాణం లేచొచ్చింది. టెన్షన్‌లో సంచి మొత్తం అక్కడే ఖాళీ చేశాను. బస్సుకు సరిపడా మార్చుకుని, మిగతాది తెల్లారాక చూసుకోవాల్సింది. తప్పంటే అదీ నా తప్పు.

ఇక తేడా సంగతి. ఫోన్‌లో కనిపించేది నడిమి రేటు. బ్యాంకులు తమలో తాము పెద్ద మొత్తాలు కొనే ధరకీ అమ్మే ధరకీ సరిగ్గా మధ్యన ఉంటుంది. కౌంటర్ దగ్గర మనలాంటివాళ్ళకి అది దొరకదు. ఒక విదేశీ నోటుకి నడిమి రేటు మన డబ్బుల్లో 100 అనుకోండి. బోర్డు మీద అమ్మే ధర 108, కొనే ధర 92 ఉంటాయి. 10,800 ఇచ్చి 100 నోట్లు తీసుకుని, పక్కకి తిరిగి అవే వెనక్కిస్తే 9,200 వస్తాయి. పోయింది 1,600. కమీషన్ సున్నాయే! లాభమంతా ఆ రెండు ధరల మధ్యనే ఉంది.

కౌంటర్‌వాళ్ళని దొంగలనను. విమానాశ్రయం అద్దె, రాత్రి జీతాలు, నోట్లు నిల్వ పెట్టుకునే రిస్కు, అన్నీ ఉంటాయి. రేటు బోర్డు మీదే ఉంది, దాచలేదు. చూడాల్సింది నేను. ఇంటి దగ్గర గీచి గీచి బేరమాడే మనం, అద్దం వెనక మనిషి ముందు "చివరికి చేతికెంతొస్తుంది?" అని అడగడానికి సిగ్గుపడతాం. దానికి మొహమాటమని పేరు పెట్టుకున్నాం గానీ, నన్నడిగితే అదొక రకం డాబు.

మూడో రోజు హోటల్లో ఇంకోటి జరిగింది. కార్డు మెషిన్ "మీ దేశపు కరెన్సీలో కడతారా, ఇక్కడిదాంట్లోనా?" అని అడిగింది. సొంత కరెన్సీ కనబడగానే చాలామంది ఆప్యాయంగా దాన్నే నొక్కారు. అక్కడ రేటు వేసేది మన బ్యాంకు కాదు, ఆ మెషిన్ వెనకున్న కంపెనీ. తన లాభం కలిపే వేస్తుంది. స్థానిక కరెన్సీ ఎంచుకుంటే మన కార్డు నడిపే వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి సంస్థల రేటు పడుతుంది. మన బ్యాంకు విదేశీ రుసుము ఉంటే అది కలిపినా చాలాసార్లు ఇదే చవక. ఎంచుకునే హక్కు మనదేనని ఆ సంస్థల నిబంధనలే చెబుతున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో అయితే 2020 ఏప్రిల్ నుంచి, యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ రేటు మీద ఎంత శాతం వేసుకుంటున్నారో ముందే చూపించాలి. (సమావేశంలో ఫోన్ ఎత్తిన సభ్యుడు కూడా సొంత కరెన్సీయే నొక్కారు. నేను పక్కనే ఉన్నాను. అప్పుడు చెప్పలేదు, మొహమాటం.)

లెక్క అడగడం తప్పంటానా? అనను. అందరి సొమ్ము, అడగాల్సిందే. కాకపోతే వచ్చే యాత్రకి బయల్దేరకముందే అడగండి. నగదు ఎంత, డెబిట్ కార్డుతో బ్యాంకు ఏటీఎంలో తీసేది ఎంత అని కార్యవర్గం ముందే తేల్చాలి. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుందని అందరికీ చెప్పాలి. బడ్జెట్లో 'మారకం తేడా' అని ఒక పద్దు ముందే రాసిపెట్టాలి. ఆ పద్దు ఉండుంటే మొన్న నేను సంజాయిషీ చెప్పుకునేవాణ్ణి కాదు.

నడుం సంచి ఇంకా నా దగ్గరే ఉంది. అందులో మిగిలిన చిల్లర నాణేలను ఏ కౌంటరూ వెనక్కి తీసుకోలేదు. వాటినీ లెక్కలో చూపించాను, ఆఖరి పద్దు. తర్వాత బాధ్యత తీసుకునేవారు వచ్చి సంచితో సహా పట్టుకెళ్ళండి.