రిబ్బను విప్పని పుస్తకాలు

మొన్న ఇంటిపన్ను కట్టి రసీదు చూసుకుంటే ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆర్నెల్ల పన్ను 2,500, గ్రంథాలయ సెస్సు 200. రూపాయికి 8 పైసలు. 1960 నాటి చట్టం పుణ్యమా అని ఇల్లున్న ప్రతివాడూ విద్యాదాతే. కిళ్ళీ కట్టడానికి తప్ప కాగితం ముట్టని మా వీధి చివర బడ్డీకొట్టాయనతో సహా. చెబితే కాలరెగరేస్తాడని చెప్పలేదు.

ఆ 200 పురపాలక సంఘం వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. మా ఊళ్ళో రెండు ఆఫీసుల మధ్య ఆటోలో పది నిమిషాలు. ఆ పది నిమిషాల దారిని డబ్బు ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది పాపం. అడిగితే బకాయి అంటారు. నేను కట్టకపోయినా బకాయే, కాకపోతే నాకు కుళాయి కట్. వాళ్ళది గౌరవనీయమైన బకాయి.

అందుకే నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాల్లో, సాక్షాత్తూ ఆ పురపాలక సంఘం పెద్దాయనే మైకు పట్టుకుని "దాతలు ముందుకు రావాలి" అన్నప్పుడు నాకు దుఃఖం ఆగలేదు.

దాతలు ముందుకు రాకేం? సంక్రాంతికి అటక దులిపిన ప్రతిసారీ వస్తూనే ఉన్నారు. భోగి మంటలో వేస్తే సరస్వతికి కోపం, పాత పేపర్లవాడు ఇచ్చేది చిల్లర. ఇక మిగిలింది శాఖా గ్రంథాలయమే. సిలబస్ మారిన ఇంటర్ గైడ్లు, సగం రాసిన డైరీలు, చెదలు ముందే చదివేసిన శతకాలు.

ఇక సభ. పదింటికి అన్నారు, అతిథి పన్నెండున్నరకి వచ్చారు. ఉన్న పన్నెండు కుర్చీలూ వేదికకి, ముందు వరసకి సరిపోయాయి. గ్రూప్స్‌కి చదివే పిల్లలు పుస్తకాలు సర్దుకుని మెట్ల మీదికి వెళ్ళారు. రోజూ పేపరు చదివే మాస్టారి చేతిలోంచి పేపరు తీసి టేబుల్ తుడిచారు. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య గారి పటానికి దండ పడింది. ఆయన ఎవరని అతిథి చెవిలో అడిగారు. "ఈ బిల్డింగ్ ఇచ్చినాయనండీ" అని చెప్పాడు పక్కనున్నాయన. అది అద్దె బిల్డింగు. ఆ తర్వాత ఎర్ర రిబ్బను కట్టిన పుస్తకాల కట్ట అతిథి చేతుల మీదుగా గ్రంథాలయానికి బహూకరణ. ఫొటో. ఇంకోటి. కళ్ళు మూసుకున్నారు సార్, ఇంకోటి.

ఆ కట్టని ఎక్కడో చూశాననిపించింది. సభయ్యాక లైబ్రేరియన్ గారిని అడిగాను.

"మూడేళ్ళుగా ఇదేనండీ. ఫంక్షనప్పుడు వాళ్ళకిస్తాం, వాళ్ళు మాకిస్తారు."

"లోపల ఏం పుస్తకాలున్నాయమ్మా?"

"విప్పితే మళ్ళీ అంత చక్కగా ఎవరు కడతారండీ?"

1935లో పాతూరి నాగభూషణం గారూ వాళ్ళూ పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువలో పడవేసుకుని ఊరూరా పుస్తకాలు తిప్పారు. అప్పుడు సెస్సు లేదు, చట్టం లేదు. ఇప్పుడు చట్టముంది, సెస్సుంది, ఆ పిల్లలకి కుర్చీ లేదు. కోచింగ్‌కి డబ్బుల్లేక, అద్దెగదిలో కూర్చునే చోటు లేక వస్తారు వాళ్ళు. ఇంటి నుంచి దిండు తెచ్చుకుని నేల మీద పది గంటలు చదువుతారు. వాళ్ళ పేరు చెప్పి మా దగ్గర ముక్కు పిండి వసూలు చేసిన డబ్బది! దానం అడగడానికి సిగ్గుండక్కర్లేదా? ముందు మాది మాకివ్వండి. దానం సంగతి మేం చూసుకుంటాం.

సరే, బీపీ మాత్ర వేసుకున్నాను. మళ్ళీ నవంబరు వస్తోంది, ఏర్పాట్లు మొదలయ్యాయట. పాత రిబ్బను వెలిసిపోయి ఫొటోలో బాగా రావడం లేదని లైబ్రేరియన్ గారు కొత్తది కొన్నారు. ఇరవై రూపాయలు. సొంత డబ్బే.